ఎనభై ఎనిమిదో పలక

ఇనుమును మించిన అయస్కాంతం ఒకటి కొత్తగూడెం దాటి భద్రాచలం రోడ్డు మీద, టేకుచెట్లు మొదలయ్యే చోట, రేకుల కప్పున్న గదిలో పుట్టిందని 1989లో ఒక పేపరు జిల్లా పేజీలో రాసింది. ఆ వార్తను డాక్టర్ వెంకటప్పయ్య గారు కత్తిరించి, ఫ్రేము కట్టించి, తన కుర్చీకి సరిగ్గా ఎదురుగోడకు తగిలించుకున్నారు. వచ్చిపోయేవాళ్ళు చూడాలంటే వెనక్కి తిరగాలి. వాళ్ళు చూసినా చూడకపోయినా ఆయనకేం పట్టలేదు. ఆయన చూసుకోవడానికే కదా తగిలించుకున్నది.

అయస్కాంతం అంటే లాడం ఆకారంలో, చివర్లకు ఎర్రరంగు పూసిన ఇనుపముక్క అనుకునేరు. అది కాదు. గాజుపలక మీద పట్టించిన పలచటి పొర. ఇనుమూ నత్రజనీ కలిసిన పొర. తలవెంట్రుక మందాన్ని ఏడువందల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత ఉంటుంది. గాలి పీల్చేసిన గాజుగంటలో కాస్త నత్రజని వదిలి, లోపలున్న ఇనుప పళ్ళేనికి కరెంటు పెడితే, ఆ ఇనుము కంటికి కనపడని రజనుగా లేచి, ఎదురుగా పెట్టిన గాజుపలక మీద కూర్చుంటుంది. అప్పుడు రెండు సంగతులు కొలవాలి. ఆ పొరకు అయస్కాంతశక్తి ఎంత, కరెంటును అది ఎంత అడ్డుకుంటుంది. ఇదంతా చేసేది ఎవరయ్యా అంటే లచ్చిరాం. పేపర్లో ఫోటో ఎవరిదయ్యా అంటే వెంకటప్పయ్య గారిది.

వెంకటప్పయ్య గారు ఆ రేకుల గది ఉన్న పీజీ సెంటరులో ఫిజిక్సు శాఖకు హెడ్డు. మధిర వైపు మాగాణి ఉన్న ఇల్లు. మాట మెత్తన, చెయ్యి గట్టి. గట్టి అంటే అట్లా ఇట్లా కాదు, పలకలు కడగడానికి డిపార్టుమెంటుకు వచ్చిన ఎసిటోన్ సీసా ఆయన బీరువాలో ఉండేది, ఆదివారం ఆయన స్కూటరు కార్బురేటరు తళతళలాడేది. ప్రయోగశాలలో ఆయన స్వహస్తాలతో చేసే పని ఒక్కటే. కడగడానికి ఇచ్చేముందు పలకల వెనక నంబర్లు చెక్కడం. గాజు మీద రాసే వజ్రపు మొన కలం ఎప్పుడో పోయింది, కొత్తది తెప్పించలేదు. ఆకురాయి మొనతో, నాలిక బయటపెట్టి, పలక వెనక లోతుగా చెక్కేవారు. కళ్ళజోడు లేకుండా తనకు కనపడాలట. నంబర్లు మటుకు ముత్యాల్లా ఉండేవి, కాదనకూడదు.

లచ్చిరాంది టేకులపల్లి అవతల ఒక తండా. ఆ తండాలో ఎమ్మెస్సీ చదివిన మొదటివాడు. ఐదేళ్ళుగా ఆ గాజుగంట ముందు కూర్చున్నాడు. 1990 మార్చి ముప్పై ఒకటితో అతని రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. ఆ లోపల థీసిస్ మీద గైడు సంతకం పడితే పీహెచ్‌డీ, పడకపోతే ఐదేళ్ళూ గోవింద. గైడు వెంకటప్పయ్య గారే. ఆయనంటే లచ్చిరాంకు మనసులో పూచికపుల్లంత గౌరవం లేదు. ఆయన వేసే ప్రతి జోకునూ గదికి పోయి మంచం మీద పడుకుని మళ్ళీ తిట్టుకునేవాడు. పైకి మాత్రం నోట్లోంచి "అవ్ సార్" తప్ప ఇంకోటి వచ్చేది కాదు. మనసులో తిట్టుకుంటే అదేదో మగతనమని చాలామంది అనుకుంటారు. ఇతనూ ఆ బాపతే.

థీసిస్ రెండు భాగాలు. మొదటిది అయస్కాంతశక్తి. అందులో కొన్ని పొరలు ఇనుముకంటే ఒకటిన్నర రెట్లు బలంగా వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువ ఎనభై ఎనిమిదో పలక. మామూలు ఇనుముకు నూరు అనుకుంటే దానికి నూట యాభై ఎనిమిది. పేపర్లోకి ఎక్కింది అదే. రెండోది కరెంటు సంగతి. నాలుగు సూదులు పొరకు ఆనించి, కరెంటు పంపి కొలవడం. అక్కడ ఏ వింతా లేదు. ప్రపంచంలో ఎవరు చేసినా వచ్చే అంకెలే వచ్చాయి.

"రెండో భాగం ఏదో పేజీలు నిండటానికయ్యా. ఎవడు చదువుతాడు" అనేవారు వెంకటప్పయ్య గారు.

మరి అదే పొర అయస్కాంతంగా అంత వింతగా ఉండి, కరెంటు దగ్గర ఇంత మామూలుగా ఎట్లా ఉందని ఎవరైనా అడగాలి కదా. అడగాల్సిన మనిషి ఫ్రేము చూసుకుంటున్నారు. అడగగలిగిన మనిషి "అవ్ సార్" అంటున్నాడు.

ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. అంతకు రెండు నెలల ముందు వెంకటప్పయ్య గారు ఎనభై ఎనిమిదో పలకను దూదిలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టి, బసవపున్నయ్య అనే పెద్ద ప్రొఫెసరుకు పంపారు. అయస్కాంతాల విషయంలో ఆయన మాట అంటే మాటే. ఆయనొక ముక్క మెచ్చుకుంటే చాలు, ఇంకో ఫ్రేము కట్టించుకోవచ్చని వెంకటప్పయ్య గారి ఆశ. ఉత్తరంలో ఇట్లా ఉంది. "మీ పలకను సన్నగా అదిరే తొట్టిలో స్పిరిట్ పోసి, ముందూ వెనకా కడిగి, తర్వాత కొలిచాం. ఇనుప నైట్రైడు పొరకు ఎంత ఉండాలో అంతే ఉంది. మీరు చెప్పిన అదనం ఎక్కడా లేదు. అదెట్లా వచ్చిందో దయచేసి తెలియజేయండి."

వెంకటప్పయ్య గారు ఉత్తరం రెండుసార్లు చదివి మడతపెట్టారు.

"కుళ్ళయ్యా. మన అడవిలో ఇంత పని జరిగిందంటే హైదరాబాదు వాళ్ళకు నిద్రపడుతుందా. కడిగేశారట. కడిగితే పొర పోదూ?"

"పొర పోతే మామూలుగ గూడ రాదు కద సార్. అసలే రాదు" అన్నాడు లచ్చిరాం. నోరు జారింది.

"నువ్వు నీ థీసిస్ సాపు చేసుకో ముందు" అన్నారు ఆయన.

సాపు చేయడమంటే చిత్తుప్రతిలో ఉన్నదంతా శుభ్రంగా తిరగరాసి టైపుకు ఇవ్వడం. లచ్చిరాం పట్టికలు తిరగరాస్తున్నాడు. అంతకుముందు వెంకటప్పయ్య గారు పలకలను నత్రజని ఎక్కువా తక్కువల ప్రకారం వరసపెట్టించి, ఆ చుక్కల గుండా ఒంటె మూపురం లాంటి గీత ఒకటి లాగి, దానికి పదకొండు పేజీల సిద్ధాంతం రాయించారు. లచ్చిరాంకు ఆ వరసలో పలకలు వెతుక్కోవడం విసుగనిపించి, ఊరికే నంబర్ల ప్రకారం రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయింది.

పదకొండో పలకకు నూట రెండు. పధ్నాలుగుకూ పదిహేడుకూ నూట తొమ్మిది లోపలే. ఒకటంకె ఉన్నవన్నీ నీరసంగా ఉన్నాయి. ముప్పై ఎనిమిదికి నూట యాభై. ఎనభై ఆరుకు నూట యాభై ఒకటి. ఎనభై ఎనిమిదికి నూట యాభై ఎనిమిది. గీత ఎంత పొడుగ్గా గీస్తే అయస్కాంతం అంత బలం. ఒకటికి ఒక గీత. ఎనిమిదికి రెండు సున్నాలు. నత్రజనికి అంకెలు రావు కదా, తన మీద ఏ నంబరు వేశారో దానికేం తెలుసు? ఐదేళ్ళ పరిశోధన, పదకొండు పేజీల సిద్ధాంతం, పేపర్లో ఫోటో, అన్నీ కలిపి ఆకురాయి గీతల పొడుగును కొలిచాయి. లచ్చిరాంకు నవ్వొచ్చింది.

డబ్బా తీసి పలకలు బోర్లించి భూతద్దం పెట్టి చూశాడు. చెక్కిన అంకెల లోతుల్లో నల్లగా, మెత్తగా ఏదో కూరుకుపోయి ఉంది. ఐదేళ్ళుగా అది అక్కడే ఉంది. నంబరు నల్లగా భలే కనపడుతోందని వెంకటప్పయ్య గారు మురిసిపోవడం కూడా అతనికి గుర్తే. అది ఎందుకు నల్లగా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు. సిరా అనుకున్నారో, సరస్వతీదేవి దయ అనుకున్నారో.

ఖాళీ గాజుకు అయస్కాంతశక్తి లేదని వాళ్ళు ముందే కొలిచి చూశారు, ఆ జాగ్రత్త లేక కాదు. కాకపోతే ఆ ఖాళీ పలకకు నంబరు వేయలేదు. ఖాళీదానికి నంబరెందుకని వెంకటప్పయ్య గారే అన్నారు.

పలకలు కడిగేది కమ్లి. ల్యాబు అటెండరు. పక్క తండా మనిషి, లచ్చిరాం కంటే ఐదారేళ్ళు పెద్ద. ఆరేళ్ళుగా రోజుకూలీ మీదే ఉంది. ఆమెను పర్మినెంటు చేయమన్న ఫైలు వెంకటప్పయ్య గారి బల్ల మీద ఏడాదిగా పేపర్‌వెయిట్ కింద పడుంది. లచ్చిరాం పోయేసరికి ఆమె క్యాంటీను వెనక పంపు దగ్గర కూర్చుని పలకలు తోముతోంది. పక్కన తట్టలో క్యాంటీను పొయ్యిలోని బొగ్గు బూడిద ఉంది. బొగ్గు గనుల ఊరు కదా, అక్కడ పొయ్యిలన్నీ బొగ్గువే, గిన్నెలన్నీ ఆ బూడిదతోనే తోముతారు. లచ్చిరాం తల్లి ద్వాలి కూడా తండాలో అంతే, కొడుకు చదువుకున్న పళ్ళేలన్నీ దాంతోనే తోమింది.

"అక్కా, పలకలు దీంతోనేనా కడిగేది, ఎప్పటిసంది?" అన్నాడు లచ్చిరాం.

"మొదటిసంది గిట్లనే. యాసిడ్ ఒడిసిపోయింది, ఏం జేయాల్నని సార్ దగ్గరికి పోయిన. ఇంట్ల గిన్నెలు ఎట్ల తోముతవో గట్ల తోము, అద్దం లెక్క మెరవాలె అన్నడు. మెరుస్తలేవా?"

"మెరుస్తున్నయ్."

"ముందుదిక్కు మళ్ల బట్టతోని తుడుస్త. ఎనకదిక్కు తుడవను. తుడిస్తే నంబరు కనబడదని సార్ కోపం జేసిండు."

లచ్చిరాం తట్టలోని బూడిదను చూస్తూ నిలబడ్డాడు. కమ్లి చేతులు కడుక్కుంది.

"ఇప్పుడు అడుగుతున్నవా తమ్మీ. మూడేండ్ల కిందట్నే చెప్పిన నీకు. లాడం అయస్కాంతం నా చేతుల్నుంచి జారి ఈ తట్టల పడ్డది. తీస్తే మీసాలు మొలిచినట్టు బూడిద దాన్ని పట్టుకున్నది. నాకు భయమయ్యి నీ దగ్గరికి తెచ్చిన. మన మాటల చెప్పబోతే, సార్ ఉన్నడు, ఇక్కడ తెలుగుల మాట్లాడు, తర్వాత జూద్దాం అన్నవు."

"అన్ననా?"

"అన్నవు. ఆ తర్వాత నువ్వు అడగలే, నేను చెప్పలే."

బొగ్గులో కాస్తో కూస్తో ఇనుము ఉంటుంది. మండినప్పుడు అది నల్లటి అయస్కాంతపు నలుసులై బూడిదలో మిగులుతుంది. ఈ సంగతి ఎమ్మెస్సీ పుస్తకంలోనూ ఉంది, కమ్లి చేతిలోని లాడం అయస్కాంతానికీ తెలుసు. తెలియనిదల్లా ఇద్దరు పరిశోధకులకే. ఇన్నాళ్ళూ వెంకటప్పయ్య గారిని మూర్ఖుడని తిట్టుకున్న లచ్చిరాం ఆ రోజు ల్యాబుకు తిరిగి నడుస్తూ ఆ మాటకు ఇంకో పేరు కూడా జోడించాల్సి వచ్చింది. ఆ పేరు అతనికి అసలు నచ్చలేదు.

మరునాడు పొద్దున్నే ఒక ఖాళీ గాజుముక్క తీసుకున్నాడు. పొర లేదు, ఇనుము లేదు, నత్రజని లేదు. వెనక ఆకురాయితో ఎనభై ఎనిమిది అని తనే చెక్కి, కమ్లితో బూడిద పెట్టి తోమించి, యంత్రంలో పెట్టాడు. రెండు పెద్ద అయస్కాంతాల మధ్య పలకను వణికించి కొలిచే యంత్రం అది. ముల్లు లేచింది. అసలు పలకలో అదనంగా వచ్చినంతా ఈ ఉత్త గాజులో దర్జాగా వచ్చింది. తర్వాత స్పిరిట్‌తో అంకెల్లోని నలుపంతా గీకి కడిగి మళ్ళీ పెట్టాడు. ముల్లు కదల్లేదు.

ఆ కాగితం పట్టుకుని హెడ్డు గదిలోకి పోయాడు. వెంకటప్పయ్య గారు చూశారు. ఆయన ముఖంలో వచ్చిన రంగులు చూడాల్సిందే.

"యంత్రం చెడిపోయి ఉంటది."

"ఇనుపముక్క పెట్టి చూసిన సార్. మంచిగనే ఉంది."

"గాజులోనే ఏదో కల్తీ."

"కడిగితే పోయింది సార్."

"అయితే నైట్రైడూ బూడిదా కలిస్తే ఏదైనా కొత్త ప్రభావం..." అంటూ ఆయన మొదలుపెట్టి, సగంలో తనకే సిగ్గేసిందో ఏమో ఆపేశారు. ఆ సిగ్గు ఆయనకు అలవాటు లేనిది కాబట్టి ఎక్కువసేపు నిలవలేదు. టీ తెప్పించారు. ఐదేళ్ళలో మొదటిసారి లచ్చిరాంకు కూడా ఒక కప్పు వచ్చింది.

"బూడిదతో తోమమని ఎవరన్నారు దానికి?" అన్నారు, కప్పు దించుతూ.

"మీరే సార్. ఇంట్ల తోమినట్టు తోమమన్నరట."

"గిన్నెలు తోమినట్టు అన్నాను. బూడిద అన్నానా? మా ఇంట్లో సబ్బుతో తోముతారయ్యా."

రెండు రోజుల్లో ఆయన సర్దుకున్నారు. బసవపున్నయ్య గారికి ఏదో ఒక జవాబు రాయాలి. జవాబు రాయాలంటే తప్పు చేసినవాళ్ళు ఒకళ్ళుండాలి. ఆ ఒకళ్ళు తను కాకూడదు. ఇంత లెక్క ఆయనకు ఏ యంత్రమూ లేకుండానే తేలింది. మార్చి ఇరవై ఎనిమిదిన లచ్చిరాంను పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి థీసిస్ మొదటి పేజీ, గైడు సంతకానికి ఖాళీ వదిలి ఉంది. రెండోది టైపు చేసిన మెమో.

"ల్యాబు అటెండరు కమ్లి, పలుమార్లు హెచ్చరించినప్పటికీ, ఎవరి ఆదేశమూ లేకుండా, నిర్లక్ష్యంతో గాజుపలకలను బొగ్గు బూడిదతో శుభ్రం చేసినందువల్ల కొలతలు దెబ్బతిన్నవి. ఈ విషయం శాఖాధిపతి పర్యవేక్షణలో కనుగొనబడినది." కింద సాక్షి అని రాసి, లచ్చిరాం పేరు టైపు చేసి ఉంది.

"మొదటి భాగం మార్చి రాసెయ్. ఎట్లా కనిపెట్టామో అదే ఒక అధ్యాయం అవుతుంది. రెండో భాగం బ్రహ్మాండంగా ఉంది. నేనెప్పుడూ చెబుతూనే ఉన్నా కదా, అసలు పని అదేనని. ఇది నువ్వు పెట్టు, అది నేను పెడతా" అన్నారు వెంకటప్పయ్య గారు, పెన్ను మూత తీస్తూ.

మూడు రోజుల గడువు. తండాలో పీహెచ్‌డీ అంటే ఏందో తెలియని వాళ్ళు కూడా, మన లచ్చిరాం ఈ ఎండాకాలం డాక్టరైతడట అని చెప్పుకుంటున్నారు.

"సార్, ఆమెది పర్మినెంట్ ఫైలున్నది..."

"అది నా చేతుల్లో లేదయ్యా. పైవాళ్ళు చూసుకుంటారు."

పేపర్‌వెయిట్ కింద ఫైలు అట్లాగే ఉంది. లచ్చిరాం దానికేసి చూశాడు. కొంచెం ధైర్యం చేశాడు. అతని జీవితంలో ఆ గదిలో చేసిన ధైర్యమంతా ఇదే కనుక చెప్పాలి.

"సార్, ఈ 'పలుమార్లు' అన్న మాట... ఎవరూ హెచ్చరించలేదు కద."

వెంకటప్పయ్య గారు మెమోను ముందుకు లాక్కుని, పెద్ద మనసు చేసుకుని, 'పలుమార్లు' కొట్టేసి పైన 'ఒకసారి' అని రాశారు.

"చాలా?"

"చాలు సార్."

సంతకం పెట్టాడు. అటు పక్క థీసిస్ మీద గైడు సంతకమూ పడింది. బయటికొచ్చి వరండాలో నడుస్తుంటే లచ్చిరాంకు ఏమనిపించిందో తెలుసా? కమ్లి కోసం తను పోట్లాడాననిపించింది. పలుమార్లును ఒకసారికి దించడం ఏం తక్కువా అనుకున్నాడు. మనిషి తనకు తాను ఎంత చవగ్గా అమ్ముడుపోతాడో చూడండి.

ఏప్రిల్ మొదటి వారంలో కమ్లిని ఇక రావద్దన్నారు. ఎందుకని అడిగితే, పోస్టు రద్దయిందని గుమాస్తా చెప్పాడు. ఆమె క్యాంటీను తట్ట క్యాంటీనులో పెట్టేసి వెళ్ళిపోయింది. లచ్చిరాం ఆ రోజు లైబ్రరీలో ఉన్నాడు. పనుండి కాదు.

మరుసటి జనవరిలో వైవా జరిగింది. పరీక్షాధికారిగా వచ్చింది బసవపున్నయ్య గారే. థీసిస్ అంతా తిరగేసి, బూడిద అధ్యాయం దగ్గర ఆగారు.

"ఇన్నేళ్ళలో ఎన్నో థీసిస్‌లు చూశాను. అద్భుతం కనిపెట్టామన్నవాళ్ళే అందరూ. కనిపెట్టింది అద్భుతం కాదని రాసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. నంబరు గీతలకూ కొలతలకూ సంబంధం చూడటం చాలా బాగుంది. బూడిదను అయస్కాంతం పట్టుకుంటుందని మొదట గమనించింది ఎవరు?"

వెంకటప్పయ్య గారు గొంతు సవరించుకున్నారు. "మా పర్యవేక్షణలోనేనండీ. అంతేగా లచ్చిరాం?"

"అవ్ సార్" అన్నాడు లచ్చిరాం.

డాక్టరేటు వచ్చింది. తండాలో ఆడవాళ్ళు పాటలు కట్టి పాడారు. ద్వాలి ఊరందరికీ చక్కెర పంచింది. ఆ గుంపులో కమ్లి కూడా ఉంది. పది నెలలుగా పత్తిచేలల్లో కూలికి పోతోంది, చేతివేళ్ళు పగిలిపోయాయి. ఆమె వారం తర్వాత మళ్ళీ వచ్చింది. చేతిలో తెల్ల కాగితం, కొత్త పెన్ను.

"తమ్మీ, దుమ్ముగూడెం దిక్కు ఆడపిల్లల హాస్టల్ల ఆయా నౌకరి ఉన్నది. వార్డెనమ్మ ప్రమీలారాణి మేడం మంచిది. యాడ పనిచేసినవు, ఎట్ల చేసినవు, ఎవరన్న సద్వుకున్నోళ్లతోని రాయించుకు రమ్మన్నది. నువ్వు రాసియ్యి. కింద డాక్టర్ అని రాయి, అట్లైతె నమ్ముతరు."

ఆమెకు మెమో సంగతి తెలియదు. లచ్చిరాం పెన్ను తీసుకున్నాడు. రాయడం మొదలుపెడితే ఆగలేదు. ఆరేళ్ళు పనిచేసింది, చెప్పిన పని చెప్పినట్టు చేసింది, చూసింది దాచకుండా చెప్పింది, ఇట్లాంటి మనిషి దొరకడం అదృష్టం అని నిండు పేజీ రాశాడు. రాస్తుంటే కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. కింద పేరు ముందు డాక్టర్ అని పెట్టాడు. కమ్లి చదివి వినిపించమంది. వినిపించాడు. కాగితం మడిచి బొడ్లో దోపుకుని, తమ్మీ నీ మేలు మరువను అని పోయింది. లచ్చిరాంకు ఆ పూట అన్నం రుచిగా అనిపించింది. పాపం కడిగేసుకున్నాననుకున్నాడు.

వార్డెను ప్రమీలారాణి పద్ధతి గల మనిషి. పిల్లలున్న చోట ఎవరినంటే వాళ్ళను పెట్టుకోదు కదా, పాత ఆఫీసుకు ఒక కార్డు ముక్క రాసింది. వెంకటప్పయ్య గారు కూడా పద్ధతి గలవారే. మెమో నకలు ఒకటి కవర్లో పెట్టి పంపించారు.

మార్చి నెలలో ఒక పొద్దున కమ్లి దుమ్ముగూడెం నుంచి బస్సుల మీద బస్సులు మారి లచ్చిరాం గదికి వచ్చింది. నీళ్ళిస్తే తాగలేదు. బొడ్లోంచి రెండు కాగితాలు తీసి మంచం మీద పక్కపక్కన పరిచింది.

"వార్డెనమ్మ రెండూ సదివి చెప్పింది. ఒకదాంట్ల నా అంత మంచిది లేదట. ఒకదాంట్ల నా వల్లనే అంత ఖరాబైందట. రెండిట్ల కిందున్న సంతకం ఒక్కటేనట."

లచ్చిరాం మెమో నకలును బోర్లించాడు.

"నేను ఒట్టేసిన, మా తమ్మి గట్ల రాయడు, ఎవరో సంతకం జేసిన్రని. వార్డెనమ్మ ఒక్క మాట అన్నది. ఆయన దగ్గరికే పో, ఏది నిజమో ఒక ముక్కల రాయించుకు రా, రేపటిదాక నౌకరి ఆపుత అన్నది. మూడో కాగితం తెచ్చిన. రాసియ్యి."

నిజం ఏదో రాయడమంటే ఏమిటో లచ్చిరాంకు తెలుసు. మెమో అబద్ధమని రాయాలి. మెమో అబద్ధమైతే థీసిస్‌లో బూడిద అధ్యాయం అబద్ధం, వైవాలో చెప్పిన జవాబు అబద్ధం. జూన్‌లో చేరాల్సిన లెక్చరరు పోస్టుకు పిలుపు వచ్చి ఉంది. దానికి వెంకటప్పయ్య గారి సిఫారసు కావాలి. పెన్ను తీసుకున్నాడు. కాగితం మీద తేదీ వేశాడు. తేదీ వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కనుక అది చక్కగా వచ్చింది. తర్వాత పెన్ను కదల్లేదు.

"సార్‌ను ఒక మాట అడిగి రాస్త అక్కా" అన్నాడు.

కమ్లి అతని ముఖం చూసింది. ఆ సంతకం ఎవరు చేశారో ఆమెకు అప్పుడు తెలిసింది. తిట్టలేదు, ఏడవలేదు. నిజానికి ఆమె తిడితే బాగుండునని లచ్చిరాం కోరుకున్నాడు, తిట్లయితే అతనికి అలవాటే.

"ఇంకా సార్‌నే అడుగుతవా. మరి డాక్టరెందుకైనవు?"

ఆమె మెమో నకలు మడిచి తీసుకుంది. మెచ్చుకుంటూ రాసిన కాగితాన్ని మాత్రం అతని వైపు జరిపింది.

"ఇది నువ్వే పెట్టుకో. నాకైతె ఇగ పనికిరాదు."

"మరి అది ఎందుకక్కా?"

"వార్డెనమ్మది. తిరిగి ఇయ్యాలె. నా నౌకరి పోతె పాయె, నా వల్ల ఆమె కాగితం పోవద్దు కద."

దుమ్ముగూడెం బస్సు పట్టుకుని పోయి, ఆ కాగితం వార్డెనుకు అప్పజెప్పి వచ్చిందట. హాస్టల్ నౌకరి ఇంకెవరికో ఇచ్చారు. కమ్లి ఆ ఎండాకాలమంతా అడవిలో తునికాకు కోసింది. డాక్టర్ లచ్చిరాం జూన్‌లో లెక్చరరుగా చేరాడు. మొదటిరోజు క్లాసులో, దేన్నైనా కొలిచేముందు పలకను ఎట్లా శుభ్రం చేసుకోవాలో పిల్లలకు గంటసేపు చెప్పాడట. చాలా బాగా చెప్పాడని అన్నారు.